గులకదిబ్బ మీద మెతుకులు

ఐదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాట కూడా కాదు. ఒక ఫారంలో, 'కారణం' అన్న గడిలో, నా చేత్తో రాసిన ఒకే ఒక్క మాట. అది అబద్ధం. దాని వల్ల ఎవరూ చచ్చిపోలేదు, ఎవరూ జైలుకు పోలేదు. మరి ఇంత బరువెందుకు? అదే నాకూ అర్థం కాక రాయడానికి కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్లకు చెప్పుకోగలిగినవాడినైతే ఇన్నాళ్లు దీన్ని కడుపులో పెట్టుకుని తిరగను కదా. నా గురించి మీకు కావలసింది ఇంతే. తణుకు దగ్గర ఒక కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. "చూసింది రాయండి, చూడనిది రాయకండి" అని పిల్లల రికార్డు పుస్తకాలు విసిరికొట్టిన మాస్టారిని. పూజలూ తద్దినాలూ అంటే నవ్వేవాడిని. నవ్వడం కాదు, ఎగతాళి చేసేవాడిని. సరిగ్గా చెప్పాలి కదా, సరిగ్గా చెప్పడానికే కదా కూర్చుంది.

మా ఆవిడ పేరు రాజ్యం. ఆవిడ పోయిన మరుసటి ఏడాది ఏప్రిల్లో మా అమ్మాయి సుధ నన్ను మిషిగన్ తీసుకెళ్లింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు. అల్లుడు కార్ల డిజైన్ ఆఫీసులో పనిచేస్తాడు. అది కార్ల కంపెనీలన్నీ ఒకదాని వెనక ఒకటి కుదేలవుతున్న ఏడాది. రోజూ భోజనాల దగ్గర ఇవాళ ఎవరిని తీసేశారు, రేపు ఎవరిని తీసేస్తారు, వీసా సంగతేమిటి, ఇవే మాటలు. ఉదయం ఇద్దరూ ఆఫీసులకు వెళితే సాయంత్రం దాకా నేనూ, గోడలూ. ఆ దేశంలో కారు లేని మనిషంటే కాళ్లు లేని మనిషే.

ఒకరోజు సుధ లైబ్రరీ నుంచి ఒక కాగితం తెచ్చింది. "నాన్నా, ఇది చూడు, నీ కోసమే పెట్టినట్టున్నారు. ఇక్కడికి ఇరవై నిమిషాల డ్రైవ్‌లో పాత గ్రావెల్ పిట్స్ ఉన్నాయట. అక్కడ బర్డ్స్, తాబేళ్లు, కప్పలు అన్నీ కౌంట్ చేయడానికి వాలంటీర్స్ కావాలట. నేను ఆఫీస్‌కి వెళ్తూ డ్రాప్ చేస్తాను. ప్లీజ్, కాదనకు."

కాదనలేదు. కంకర గోతుల్లో ఏముంటుందిలే అనుకుంటూనే వెళ్లాను.

ఏముందో ఎలా చెప్పను? రోడ్లు వేయడానికి, ఇళ్లు కట్టడానికి కొన్ని దశాబ్దాల పాటు అక్కడ భూమిని తవ్వి కంకర, ఇసుక ఎత్తుకుపోయారు. లారీలు, యంత్రాలు, దుమ్ము. ఇక తవ్వడానికి ఏమీ లేదనుకున్నాక గోతుల్ని అలాగే వదిలేసి పోయారు. అడుగు నుంచి నీరు ఊరింది. ఊరి ఊరి నాలుగు చెరువులైంది. అద్దం లాంటి నీళ్లు. ఒడ్డున నిలువుగా కోసిన ఇసుక గోడ, దానినిండా వందల కన్నాలు. ఒక్కో కన్నం లోంచీ ఒక్కో స్వాలో పిట్ట దూసుకొచ్చి, నీళ్లకు రెండు వేళ్ల ఎత్తున ఎగిరి, నోటినిండా పురుగులతో మళ్లీ అదే కన్నంలోకి దూరుతోంది. వందల కన్నాల్లో తన కన్నం ఏదో దానికెలా తెలుసు? ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిని, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. ఎవరు పిలిచారు వీటన్నిటినీ? మనిషి పాడుచేసి పారేసిన గొయ్యిలోకి, పిలవని పేరంటానికి, ఇంత ప్రాణం వచ్చి చేరిందా!

సర్వే నడిపేది లిండా అనే రిటైరైన నర్సు. సన్నగా, గట్టిగా, మాట తక్కువగా ఉండే మనిషి. నా పద్ధతి వారం రోజుల్లో ఆవిడకు నచ్చింది. వెళ్లిన గంట, గాలి, మబ్బు, ఏ పిట్ట, ఎన్ని, ఏం చేస్తున్నాయి, అన్నీ వరస తప్పకుండా రాసేవాడిని. చూసి పోల్చుకోలేకపోతే 'తెలియలేదు' అని రాసేవాడిని. ఆ 'తెలియలేదు' చూసే నన్ను నమ్మింది లిండా. సోమ, బుధ, శుక్రవారాల్లో మూడో చెరువు పూర్తిగా నాకే అప్పగించింది. ఆవిడ మొదటిరోజే చెప్పిన నియమం ఒకటుంది. తినేది ఏదీ ఒడ్డున వదలకూడదు, పండు తొక్క కూడా. తిండి దొరికితే కాకులు, రకూన్లనే పిల్లంత జంతువులు మరుగుతాయి, మరిగితే గుడ్లు మిగలవు. తర్వాత వచ్చిన వాలంటీర్లకు ఈ నియమం నేనే వివరించేవాడిని. గట్టిగానే వివరించేవాడిని.

మూడో చెరువులో నాకు తోడు వాల్ట్. వాలంటీరు కాదు, చేపలు పట్టుకునేవాడు. కార్ల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాక ఆ చలికాలంలో ఇంటికి పంపేశారట. భార్య లేదు, పిల్లలు ఎక్కడో ఉన్నారు. పొద్దున్నే మడతకుర్చీ వేసుకుని గేలం వేసి కూర్చునేవాడు. పక్కన బీన్స్ అనే ముసలి కుక్క, వెనక కాలు కుంటి. దానికి తాడు కట్టేవాడు కాదు, కట్టాల్సిన అవసరమే ఉండేది కాదు. నాకు ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి "ప్రొఫెసర్, ఇందాక పెద్ద తాబేలు గట్టెక్కింది, రాసుకోండి" అనేవాడు. "నేను చూడనిది రాయను వాల్ట్" అంటే పగలబడి నవ్వేవాడు. నవ్వి, తాబేలు ఎక్కిన చోటికి నన్ను తీసుకెళ్లి చూపించేవాడు.

మే నెల మధ్యలో టెర్న్‌లు వచ్చాయి. తెల్లటి ఒళ్లు, నల్లటి టోపీ, కత్తెరలా చీలిన తోక. పెద్ద సరస్సుల దగ్గర ఉండే పిట్టలు, లోపలి చెరువుల్లో గూడు పెట్టడం చాలా అరుదు. అవి మూడో చెరువులోకి పొడుచుకొచ్చిన గులకదిబ్బ మీద దిగాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య సన్నటి ఇసుక మెడ ఉంది, మనిషి నడవచ్చు. కానీ ఎవరూ నడవకూడదని లిండా కట్టుదిట్టం చేసింది. ఒడ్డు నుంచి టెలిస్కోపులో చూడటమే. గూడంటే పుల్లా పుడకా ఏమీ ఉండవు. గులకరాళ్లలో చిన్న గుంట, అందులో గులకరాళ్ల రంగు గుడ్లు. జూన్ మొదటివారానికి పదకొండు గూళ్లు లెక్కపెట్టాను. మగపిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, నిటారుగా నీళ్లలో పడి, చేపతో లేచి, ఆ చేపను తను మింగకుండా గుడ్ల మీదున్న ఆడపిట్టకు తెచ్చి ఇచ్చేది. అది చూసినప్పుడల్లా రాజ్యం ఉంటే బాగుండుననిపించేది. లిండా కళ్లలో నేను నీళ్లు చూసింది కూడా అప్పుడే. వాల్ట్ అయితే వాటిని 'మన పిట్టలు' అనేవాడు.

ఇంతవరకూ చెప్పడం సులువే. ఇక్కడి నుంచి కష్టం.

జ్యేష్ఠంలో రాజ్యం సంవత్సరీకం వచ్చింది. మాకు మగపిల్లలు లేరు, చేయాల్సింది నేనే. నమ్మకం లేదు కానీ సుధ మొహం చూసి సరేనన్నాను. గుడి హాల్లో శాస్త్రిగారు చక్కగానే జరిపించారు. చివర్లో నేనే అడిగాను, ఎందుకడిగానో తెలియదు. "కాకికి పెట్టొద్దా అండీ?"

"ఇక్కడ కాకులు అలా రావండీ. పార్కుల్లో పెడితే టికెట్ ఇస్తారు, జరిమానా కట్టాలి. నీళ్లలో కలిపేద్దాం, దోషం లేదు," అన్నారాయన.

దోషం లేకపోవచ్చు. కానీ రాజ్యం పెళ్లయిన నలభై ఏళ్లలో ఒక్కరోజు కూడా గోడ మీద కాకికి ముద్ద పెట్టకుండా అన్నం తినలేదు. "అది ముట్టాకే నాకు ముద్ద దిగేది" అనేది. నేనేమో "నీకు మొగుడికంటే కాకే ఎక్కువ" అని, ఇంటికొచ్చిన నా శిష్యుల ముందు కూడా అనేవాడిని. వాళ్లు నవ్వేవారు. ఆవిడా నవ్వేది. నవ్వేదా? ఇప్పుడు తలచుకుంటే నవ్వినట్టు గుర్తులేదు. తలుపు చాటుకు వెళ్లిపోయేది.

ఒక పిండం టిఫిన్ డబ్బాలో దాచుకుని ఇంటికి తెచ్చాను. ఇంటి వెనక చెక్క వసారా, డెక్ అంటారు, దాని రెయిలింగు మీద పెట్టి లోపల కూర్చుని చూశాను. గంట తర్వాత ఒక ఉడత వచ్చింది. తరిమాను. ఇంకోటి వచ్చింది. చప్పట్లు కొడుతూ, "హుష్ హుష్" అంటూ, డెబ్బైమూడేళ్లవాణ్ణి పంచె ఎగ్గట్టి డెక్ మీద ఉడతల వెంట పరిగెడుతుంటే పక్కింటావిడ కిటికీ లోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఏం చేస్తాం! చివరికి పిండాన్ని ఉడతలే పంచుకున్నాయి.

కాకులు ఎక్కడుంటాయో నాకు తెలుసు. నా కాగితాల్లోనే ఉంది. మూడో చెరువు, గులకదిబ్బ మెడ దగ్గర, కాటన్‌వుడ్ చెట్టు మీద.

మర్నాడు బుధవారం. కుక్కర్లో మిగిలిన అన్నంలో నువ్వులు కలిపి ముద్ద చేసి డబ్బాలో పెట్టుకున్నాను. సుధ లంచ్ అనుకుంది. చెట్టుకు ఎదురుగా ఒక బండరాయి ఉంది. దాని మీద పెట్టి పది అడుగులు వెనక్కి జరిగాను. తెలిసే చేశాను. పొరపాటున కాదు. ఒక్కరోజే కదా, దిబ్బకు వంద అడుగుల దూరం ఉంది కదా అని లెక్కలు వేసుకున్నాను. నేను నిలబడ్డందుకే టెర్న్‌లు లేచి నెత్తి మీద గోలపెట్టాయి. వినలేదు.

కాకి కొమ్మ మీదే కూర్చుంది. మన కాకిలా మెడ బూడిదరంగు కాదు, నిలువెల్లా నలుపు. మనదానికంటే ఒళ్లు పెద్దది, గొంతు కూడా వేరు. తల వంచి చూస్తోంది, దిగదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందంటారు మనవాళ్లు. చుట్టూ నిలబడ్డవాళ్లు పైకే మాటిస్తారు, అది చేస్తాం ఇది చేస్తాం అని. నేనూ మొదలుపెట్టాను. సుధ బాగుంది అన్నాను. దిగలేదు. నీ బంగారం సుధకే ఇచ్చాను అన్నాను. దిగలేదు. ఇల్లు అమ్మను అన్నాను. ఊహూఁ. చివరికి నా ప్రమేయం లేకుండా వచ్చిందా మాట. "రాజ్యం, నిన్ను ఎగతాళి చేశాను. ఇంకెవరి ముందూ చేయను."

అది దిగింది. రాయి మీద రెండు అడుగులు పక్కకు వేసి, నా వైపు ఒకసారి చూసి, ముద్ద ముట్టింది.

కాకి దిగడానికీ నా మాటకూ సంబంధం లేదని నాకు తెలుసు. పాఠం చెప్పినవాణ్ణి, నాకు తెలియదా! అయినా ఆ క్షణాన భూమ్మీద నాకు తెలిసిందంతా ఒక పక్కనుంటే, ఆ నల్లటి పిట్ట మింగిన మెతుకు ఒక పక్కన ఉంది. ఆ పరాయి దేశంలో, ఎవరో తవ్విపారేసిన గోతి ఒడ్డున, వెక్కి వెక్కి ఏడ్చాను. అంత అద్భుతం నా జీవితంలో మళ్లీ జరగలేదు. ఇంత జరిగాక కూడా దాన్ని అబద్ధమని అనలేకపోతున్నాను.

అక్కడితో ఆగి ఉంటే! ఆగలేదు. శుక్రవారం మళ్లీ తీసుకెళ్లాను. సోమవారం మళ్లీ. రెండోవారానికి నేను వచ్చేసరికి కాకులు ఏడో ఎనిమిదో కొమ్మల మీద సిద్ధంగా ఉండేవి. నేను నిలబడ్డంతసేపూ టెర్న్‌లు గుడ్లు వదిలి నా మీదికి ఎగబడేవి. ఆ సంగతి ఫారంలో రాయలేదు. చూసింది రాయకపోవడం కూడా అబద్ధమేనా? రాయనప్పుడు కాదనుకున్నాను.

మూడోవారం సోమవారం. వెళ్లేసరికి చెట్టు మీద కాకుల్లేవు. నెత్తి మీద గోల లేదు. చెరువంతా నిశ్శబ్దం. టెలిస్కోపులో చూస్తే గూళ్ల మీద ఒక్క పిట్ట లేదు. నియమం మర్చిపోయి మెడ దాటి దిబ్బ మీదికి నడిచాను. పదకొండు గుంటల్లోనూ పెంకులే. పొడిచిన కన్నాలు. ఇంకో నాలుగైదు రోజుల్లో పిల్లలయ్యేవి. ఒక పెంకులో కళ్లు ఏర్పడిన పిల్ల కూడా ఉంది. తడి ఇసుక నిండా కాకి అడుగులు. గూళ్ల మధ్య గులకరాళ్ల సందుల్లో ఎండిపోయిన అన్నం మెతుకులు, నువ్వు గింజలు. కాకులు మిగిలిన తిండిని తీసుకెళ్లి దాచుకుంటాయి. నేను పెట్టిందాన్ని అవి దాచుకున్నది అక్కడ. దాచుకుంటూ గుడ్లు చూశాయి.

అర్థం కావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. దుఃఖం రావాలి కదా? ముందు వచ్చింది దుఃఖం కాదు. మోకాళ్ల మీద కూర్చుని మెతుకులు ఏరాను. ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాను. బూటు కాలితో కాకి అడుగులు చెరిపాను. చేతికి పెంకుల తడి అంటుకుంది.

ఒడ్డుకు వస్తుంటే మెడ మొదట్లో కుక్క అడుగులు కనిపించాయి. నీళ్లు తాగడానికి వచ్చి వెనక్కి తిరిగిన అడుగులు. ఒక కాలు ఈడ్చిన జాడ. దిబ్బ మీదికి పోలేదవి.

అంతలో లిండా వచ్చింది. టెలిస్కోపులో ఒకసారి చూసి, కూలబడినట్టు కూర్చుంది. ఏం జరిగిందని అడిగింది. నిజం నోటిదాకా వచ్చింది. రావడం నిజమే, నమ్మండి. చెప్పాలంటే ఏం చెప్పాలి? చచ్చిపోయిన నా భార్య కోసం కాకులకు అన్నం పెట్టానని చెప్పాలి. లెక్క తప్పని ప్రొఫెసర్, అందరికీ నియమాలు చెప్పే ప్రొఫెసర్, కాకితో మాట్లాడుతూ ఏడ్చాడని చెప్పాలి. ఆ మొహంలో నవ్వు వస్తుందేమోనని భయం వేసింది. లిండా నవ్వే మనిషి కాదు. నవ్వేవాడిని నేను. ఇన్నేళ్లు నవ్విన నవ్వు నా మీదికే వస్తున్నట్టు తోచింది. ఇంకెవరి ముందూ చేయనని రాజ్యానికి మాటిచ్చి మూడువారాలు కాలేదు, ఆవిడ ముద్దను జేబులో దాచేసుకుని, వేలితో ఇసుక మీద కుక్క అడుగులు చూపించాను.

ఫారంలో 'కారణం' అన్న గడిలో నేనే రాశాను. 'కుక్క.'

నేను రాశానంటే ఇక తిరుగులేదు. అంత నమ్మకం. ఊరి కమిటీకి నా కాగితమే వెళ్లింది. పదిరోజుల్లో మూడో చెరువు దగ్గర బోర్డు పెట్టారు. కుక్కలకు ప్రవేశం లేదు, చేపలు పట్టడం నిషేధం. వాల్ట్ ఒక్కడే అక్కడ చేపలు పట్టేది. అంటే ఆ బోర్డు మీద ఆయన పేరు రాయలేదు, అంతే తేడా. ఉద్యోగం పోయిన మనిషికి పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు ఉండింది. దాన్ని తీసేశాను. మిగతా వాలంటీర్లు పార్కింగులో ఆయన కనబడితే మొహం తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. అసలైన దొంగ తడుముకోడు, పక్కవాడి భుజం చూపిస్తాడు.

సెప్టెంబరులో ఇండియా వచ్చేశాను. మరుసటి ఏడాది ఆరోగ్యం బాగాలేదని వెళ్లలేదు. ఆ పైఏడాది వెళ్లాను. వెళ్లిన వారానికి లిండా స్వయంగా ఇంటికొచ్చి, ఏమీ చెప్పకుండా కారెక్కించుకుని తీసుకెళ్లింది. టెలిస్కోపు నా కంటికి పెట్టింది.

దిబ్బ మీద టెర్న్‌లు. ఐదు గూళ్లు. ఒక తల్లి కొంచెం పక్కకు జరిగితే దాని పొట్ట కింద నుంచి అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పిల్ల, ఇసుక రంగు దూది ఉండ లాంటిది, తల పైకెత్తి ఆకాశాన్ని చూసింది. పుట్టి గంట అయిందో లేదో! అంత పెద్ద ఆకాశాన్ని అది ఏ భయమూ లేకుండా చూస్తోంది. ఇవి మళ్లీ వచ్చాయి. నేను చేసిందంతా చేశాక కూడా వచ్చాయి. వాటికి నా మీద కోపం లేదు, నేనున్నానన్న సంగతే వాటికి లేదు. దండం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియక చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

అప్పుడు లిండా నా భుజం మీద చెయ్యి వేసి, ఇదంతా నీ రిపోర్టు వల్లే అంది. బోర్డు పెట్టకపోతే ఇవి తిరిగొచ్చేవి కావంది. ఆ ఏడాది వాలంటీర్లు తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనంలో నాకొక సర్టిఫికెట్ ఇచ్చారు. సుధ ఫొటో తీసింది. అందరూ చప్పట్లు కొడుతుంటే దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆ కాగితం సుధ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. అన్నం తింటూ తలెత్తితే అదే కనిపించేది.

నా అబద్ధం వల్ల మంచి జరిగిందా? ఎన్నోసార్లు ఈ ప్రశ్న వేసుకుని, ఎన్నోసార్లు జరిగిందనే చెప్పుకుని నిద్రపోయాను. బోర్డు వల్ల వచ్చాయా, నేను అన్నం పెట్టడం మానినందువల్ల వచ్చాయా? జువాలజీ మాస్టారికి జవాబు తెలుసు. వాల్ట్ గురించి చెరువు దారిలో ఎరలమ్మే షాపులో అడిగాను. ఇల్లు బ్యాంకు తీసుకుందట, వేరే రాష్ట్రంలో చెల్లెలి దగ్గరికి పోయాడట, ఎక్కడో వాళ్లకు తెలియదు. కుక్క కూడా వెంట వెళ్లిందా అని అడగబోయి ఊరుకున్నాను.

లిండాకు రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. ఇంగ్లీషులో రాస్తే నా తప్పు నాకే మర్యాదగా కనిపిస్తోంది. దురదృష్టవశాత్తూ అలా జరిగిందంటూ, ఎవరో చేసినట్టు వస్తోంది. చించేశాను. అందుకే ముందు తెలుగులో చెబుతున్నాను. ఇక్కడ 'నేను' అనకుండా తప్పించుకోలేను. ఇది చెప్పాక అదీ రాస్తానేమో. రాస్తానని ప్రమాణం చేయను, నా మాటలకున్న విలువ మీరు చూశారుగా.

ఇంకొకటి మిగిలింది. ఇందాకటి నుంచీ దాని చుట్టూ తిరుగుతున్నాను. పిట్టల గురించి, కాకి గురించి ఇంత రాసింది దీన్ని వాయిదా వేయడానికే కావచ్చు. వాల్ట్‌తో చివరిసారి మాట్లాడిన రోజు సంగతి.

బోర్డు పెట్టిన రోజు ఉదయం సుధ నన్ను దింపి వెళ్లిపోయింది. పార్కింగులో వాల్ట్ తన ట్రక్కుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా కోసమే ఉన్నాడు. బీన్స్ ఆయన కాళ్ల దగ్గర ఉంది. మొదటిసారి దాని మెడకు తాడు చూశాను, కొత్తది. మేం మాట్లాడుకుంది ఇంగ్లీషే, నాకు మాత్రం ఇలాగే గుర్తుంది.

"ప్రొఫెసర్, నిజంగా వీడేనంటారా?"

"అడుగులున్నాయి వాల్ట్."

"మీరు చూశారా?"

"చూశాను."

ఆయన కుక్క వంక చూశాడు. "కుందేలు పక్కనుంచి పోయినా లేవడు వీడు. నాకు నమ్మబుద్ధి కావట్లేదు. కానీ మీరు చూడనిది రాయరు. నేనెన్నిసార్లు బతిమాలినా తాబేలు కూడా రాయలేదు మీరు." టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "మధ్యలో ఒక కునుకు తీసే అలవాటు నాకు. అప్పుడే వెళ్లుంటాడు. వాడికి తెలియదు పాపం, తప్పు నాది. సారీ ప్రొఫెసర్. మన పిట్టల్ని... చాలా సారీ."

ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఎదురుగా ఉన్నాను, మా మధ్య రెండడుగులు కూడా లేదు. పార్కింగులో ఇంకెవరూ లేరు. నవ్వేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం ఏముంటుంది? ఆయన నవ్వేవాడు కూడా కాదు. భార్య లేని మనిషి, కుక్కతో రోజంతా మాట్లాడే మనిషి, కాకితో మాట్లాడినవాణ్ణి అర్థం చేసుకోగల మనిషి ఆ దేశంలో ఒక్కడుంటే అది వాల్టే. అది నాకు అప్పుడే తెలుసు.

"పర్వాలేదు వాల్ట్," అన్నాను. "ఏం చేస్తావు, కుక్క కదా. మనసులో పెట్టుకోకు."

ఆయన థాంక్స్ చెప్పాడు. కుక్కను ఎత్తి ట్రక్కులో కూర్చోబెట్టి, నాకు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

క్షమించాను. అబద్ధం రాసింది కాదు, దీన్నే ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేకపోయాను. నేను చేసిన పనికి ఆయన నన్ను క్షమాపణ అడిగితే, పెద్దమనిషిలా, పోనీలే అని క్షమించి పంపాను. ఇప్పుడు మీకు తెలుసు. మీరు నన్ను క్షమించకండి. అది మీ చేతిలోదీ కాదు, ఆ మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందో నాకు తెలుసు. చెప్పాను, అంతే. కాస్త ఊపిరి ఆడుతోంది.